పసుపు పెట్టని తాడు

డాక్టర్ మైలపల్లి నీలవేణికి కోపం రావడం అరుదు. వచ్చిందంటే మాత్రం ప్రయోగశాలలో ఫ్యాను కూడా చప్పుడు తగ్గించుకుని తిరుగుతుందని ఆవిడ దగ్గర పనిచేసేవాళ్ళు చెప్పుకుంటారు. దసరా వెళ్ళిన మర్నాడు వచ్చిన కోపం దీపావళి మతాబులు బజారులోకి దిగేదాకా తగ్గలేదు.

దానికి కారణం ఒక జానెడు తాడు. ముదురు పాకం రంగులో, వేలికి మెత్తగా తగిలే తాడు. దాన్ని లాగి వదిలితే కరెంటు పుడుతుంది. అదేమంత వింత కాదు, అలాంటివి చాలామంది చేశారు. సముద్రంలో వేస్తే అలలే లాగుతాయి, కరెంటు దానంతటదే వస్తుంది. చిక్కల్లా అలకు అలుపు లేకపోవడం. లాగి లాగి ఎంత గట్టి తాడునైనా నెల తిరక్కుండా పీలికలు చేసి ఒడ్డుకు విసిరేస్తుంది. నీలవేణి తాడు అలా కాదు. చీలితే తనంతట తనే మానుతుంది. బ్లేడుతో రెండు ముక్కలు చేసి కొసలు ఆనించారంటే రెప్ప వేసేలోపు ఒకటైపోతుంది. ఉప్పునీళ్ళలోనైనా అంతే, నూనె తెట్టెలోనైనా అంతే. మొదట్లో అతుక్కోవడానికి ఒక పూట పట్టేది. రెప్పపాటుకి తీసుకురావడానికి ఆవిడ యవ్వనంలో సగం ఖర్చయింది. ఆ సంగతి ఆవిడ దాచుకునేది కాదు, కాస్త గొప్పగానే చెప్పుకునేది.

అలాంటి తాడు దసరా తర్వాత అతుక్కోవడం మానేసింది. రసాయనాలు మార్చారు, నీళ్ళు మార్చారు, గది వేడి మార్చారు. కోసిన ముక్కలు ఎడమొహం పెడమొహంగా పడుండేవి తప్ప కలిసేవి కావు. చివరికి ఒకరోజు నీలవేణి కోసిన చోటుని భూతద్దం కింద పెట్టి చూసి, "ఆచారి గారూ!" అని కేక పెట్టింది.

అప్పలాచారి ఆ ప్రయోగశాలలో యంత్రాలన్నీ చూసుకునే పెద్దమనిషి. వాళ్ళది అనకాపల్లిలో నగలు చేసే కుటుంబం. తుడుచుకుంటున్న చేతులతోనే పరిగెత్తుకొచ్చాడు.

"ఇక్కడ ఎర్రగా గీత ఉంది చూడండి. నా యంత్రానికి కుంకం పెట్టారా?"

ఆయన మొహం చిన్నబోయింది. "ఆయుధపూజ నాడు మేడమ్... తాడు పట్టుకునే దవడలకి కాస్త పసుపు రాశానండి. కుంకం లేదు. పొట్లం ఇంట్లోనే మర్చిపోయాను. అమ్మతోడు."

"పసుపు రాస్తే ఎరుపెలా వస్తుందండీ?" అంటూనే నీలవేణి ఆగిపోయింది. చిన్నప్పుడు వాళ్ళమ్మ చేటలో పసుపు పోసుకుని, నిమ్మరసం పిండి, వెలిగారం పొడి కలిపేది. చూస్తుండగానే పసుపు ఎర్రగా తిరిగి కుంకమయ్యేది. "ఆచారి గారూ, మీ నాన్నగారు బంగారం అతకడానికి ఏం వాడేవారు?"

"వెలిగారమే మేడమ్. అది లేనిదే అతుకు పడదు."

"ఈ తాడులో ఉన్నదీ దాని చుట్టమే. బోరాన్. కోసిన చోట రెండు వైపులా చేతులు చాచుకుని ఉంటుంది. అటు చెయ్యి ఇటు చేతిని పట్టుకుంటే తాడు మానుతుంది. మీ పసుపు మధ్యలో దూరి ఆ చేతుల్ని ముందే పట్టేసుకుంది. మీరు దవడలకి రాసిన చిటికెడు పసుపు నా తాళ్ళన్నిటినీ కుంకం చేసింది!"

కారణం దొరికినందుకు సంతోషించాలో, ఇన్నాళ్ళు పోయినందుకు ఏడవాలో తెలియక ఆవిడ రెండూ మానేసి ఆయన్ని తిట్టింది. గది తలుపు మీద "పసుపు, కుంకుమ లోపలికి తేరాదు" అని పెద్దక్షరాలతో రాయించింది. శుక్రవారాలు కాళ్ళకి పసుపు రాసుకొచ్చే అమ్మాయిలు బయట కుళాయి దగ్గర కడుక్కుని రావాల్సి వచ్చింది. "అన్నం పెట్టే యంత్రానికి పసుపు కూడదంటే ఎలాగండీ," అని అప్పలాచారి గొణిగాడు గాని, గట్టిగా అనడానికి ధైర్యం చాల్లేదు.

*

తాడుని మొదట ఏ సముద్రంలో దింపాలన్న ప్రశ్నకి నీలవేణి దగ్గర జవాబు ఎప్పుడో సిద్ధంగా ఉంది. భీమిలి దాటాక పెదగెడ్డపాలెం. ఆవిడ పుట్టిన పాలెం. తండ్రి పోయాక తల్లి కాసులమ్మ చేపల గంప మోసి ఇద్దరు పిల్లల్ని పెంచింది ఆ ఒడ్డునే. ఆ పాలెంలో ఐసు లేదు. ఎండ ఎక్కేసరికి చేప మెత్తబడుతుందని ఆడవాళ్ళు వచ్చిన ధరకి ఇచ్చేసి, మిగిలింది ఇసకలో ఎండబెట్టుకునేవాళ్ళు. మన తాడుతో మన ఒడ్డున ఐసు ఫ్యాక్టరీ నడవాలన్నది నీలవేణి పట్టుదల.

తాడు దింపే ఉదయం పాలెమంతా ఒడ్డుకి చేరింది. ఆవిడ తమ్ముడు పైడిరాజు చేతికి ఒక ముక్క ఇచ్చి, "ఏదీ, కొయ్యరా," అంది. పైడిరాజు ఆ ఒడ్డున మంచి ఈతగాడు, పడవ యజమాని. మొలలోంచి కత్తి తీసి ఒక్క వేటున కోశాడు. కొసలు రెండూ తగిలించాడో లేదో పట్టేసుకున్నాయి. పిల్లలు ఈలలు వేశారు. "సంజీవి తాడురా!" అన్నారెవరో. ఆ పేరే ఖాయమైపోయింది.

పైడిరాజు మాత్రం నవ్వలేదు. మళ్ళీ కోశాడు. మళ్ళీ అతుక్కుంది.

"ఇది తెగదేటప్పా?"

"తెగుతాది. మల్లీ అతుక్కుంటాది. అదేరా దీని గొప్ప."

"పడవలో తాడున్న చోటల్లా కత్తి కూడా ఉంటాదప్పా. ఎందుకో నీకు సెప్పాలేటి? తెగనిది తాడు కాదు, సంకెల."

"తాళ్ళు తెంపుకోడానికేట్రా నువ్వు సంద్రం మీదకెల్తన్నావు?" అని నీలవేణి వేళాకోళం చేసింది. అందరూ నవ్వారు, చివరికి వాడూ నవ్వాడు. ఆ నవ్వుల్లో వాడి మాట కొట్టుకుపోయింది.

అప్పుడే కాసులమ్మ పళ్ళెంలో పసుపు ముద్ద పట్టుకుని వచ్చింది. కొత్త వలకైనా, కొత్త పడవకైనా ఆ పాలెంలో పసుపు రాసి, గంగమ్మకి దండం పెట్టుకునే సముద్రానికి అప్పగిస్తారు. నీలవేణి పరిగెత్తి తల్లి చెయ్యి పట్టుకుంది.

"వద్దమ్మా! కొబ్బరికాయ కొట్టు, హారతియ్యి, ఏటైనా సెయ్యి. పసుపు మాత్రం తాడుకి తగలకూడదు. తగిలితే సచ్చిపోద్ది అది."

"పసుపు తగిల్తే సచ్చిపోయేదేటే? దెయ్యవా?" అంది కాసులమ్మ. చుట్టూ ఉన్నవాళ్ళు మళ్ళీ నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయారు. "సంద్రంలో దిగే వస్తువుకి పసుపెట్టకుండా దింపినోల్లు ఈ పాలెంలో నేరే నీలా."

"నాకోసం ఈ ఒక్కసారికి ఒగ్గీ అమ్మా."

కాసులమ్మ చెయ్యి విడిపించుకుంది. పసుపంతా ఒక ప్లాస్టిక్ కాగితంలో మూట కట్టి, పైడిరాజు పడవ ముందుభాగంలో ఉన్న కొయ్యకి గట్టిగా కట్టింది. "ఇది పడవకి. నీ తాడుకి కాదు. దీనికి కూడా నీ పర్మిషను కావాలేటి?" అని, పళ్ళెం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. అమ్మని నొప్పించానన్న బాధ నీలవేణికి ఆ పూటంతా ఉంది. సాయంత్రానికి తాడు మీద మొదటి బల్బు వెలిగింది, బాధ ఆ వెలుగులో కాస్త వెనక్కి జరిగింది.

*

ఆ తర్వాత నడిచిన రోజులు పాలెం మర్చిపోలేనివి. తాళ్ళని జడలు పేని, నీటిపై తేలే బుంగలకి కట్టి, కింద లంగర్లు వేసి నీటిమీద చాపలా పరిచారు. అలలు దాన్ని చీల్చుతూనే ఉండేవి, అది మానుతూనే ఉండేది. ఒడ్డున ఐసు ఫ్యాక్టరీ రేకుల షెడ్డులో గుర్రుమంటూ నడిచింది. పడవలకి బ్యాటరీ మోటార్లు వచ్చాయి. కాసులమ్మ గంపలో వంజరం చేప మధ్యాహ్నం దాకా కళ్ళు మెరుస్తూ ఉండేది. బేరానికొచ్చిన షావుకారుతో ఆవిడ, "ఇష్టమైతే కొను, నేపోతే పో. నా సేపకి తొందర నేదు," అనడం నీలవేణి చెవులారా విన్నది. ఏ సన్మానం జరిగినా తనకి ఇంత తృప్తి ఉండదనుకుంది.

వేసవి ముదిరాక అల్పపీడనం ఒకటి ఒడ్డును తాకకుండానే వెళ్ళిపోయింది. గాలి లేదు, వాన లేదు గాని, దాని వెనక పెద్ద పెద్ద తరగలు మిగిలాయి. కరెంటు సగానికి పడిపోయింది. ఒక లంగరు జారి ఉంటుందని నీలవేణికి అర్థమై పొద్దున్నే పాలెం చేరింది. పైడిరాజు, చిన్నాన్న తాతారావు, ఆవిడ, ముగ్గురూ పడవెక్కారు.

వాళ్ళు అనుకున్నట్టే లంగరు జారింది. ఒకచోట తాళ్ళు వదులై మెలికలు తిరిగి వేలాడుతున్నాయి. "లంగరుకి వేరే మామూలు తాడు కట్టొస్తాను, పైకి లాగుదాం," అని పైడిరాజు మునిగాడు. వాడు పైకి వస్తూండగా పెద్ద తరగ ఒకటి కిందినుంచి లేచింది. వదులు తాడు కుడికాలికి చుట్టుకుంది. తరగతో పాటు బిగిసింది. వాడు తన్నుకున్న కొద్దీ చుట్టుకి చుట్టు రాసుకుంది. రాసుకున్న చోట తాడు గీరుకుంది. గీరుకున్న చోటల్లా తనకి తెలిసిన పనే చేసింది, మానింది. చుట్లన్నీ కలిసి మడమనుంచి మోకాలిదాకా ఒకే ముద్దయి కూర్చున్నాయి.

తరగ దిగినప్పుడు వాడి తల నీటిపైకి వచ్చేది. ఎక్కినప్పుడు మునిగిపోయేది. లంగరు కింద, కాలు దానికి బందీ. పడవలోంచి తాతారావు రెండు చేతులూ పట్టి లాగాడు. వాడు అరిచాడే గాని, వేలెడు కూడా కదల్లేదు.

"కత్తి!" అన్నాడు పైడిరాజు నీళ్ళు ఉమ్ముతూ.

నీలవేణి కత్తి పట్టుకుని దూకింది. సముద్రం ఒడ్డున పుట్టిన పిల్ల, నీళ్ళంటే భయం లేదు. కాలి దగ్గరికి మునిగి తాడు మీద కత్తి పెట్టి కోసింది. కత్తి లోపలికి దిగింది, దాని వెనకే తాడు మూసుకుంది. ఇంకా బలంగా కోసింది. ముందు తెగుతోంది, వెనక అతుకుతోంది. నీళ్ళని కోసినట్టుంది తప్ప తాడు కోసినట్టు లేదు. ఊపిరాడక పైకి వచ్చింది. పక్కనే తమ్ముడి మొహం ఒక్క క్షణం కనిపించి, తరగ కింద మాయమైంది. ఆ రెప్పపాటు కోసం తాను ఎన్నేళ్ళు పనిచేసిందో గుర్తొచ్చింది. దాన్ని ఇంకొక్క ఘడియ నెమ్మదిగా అతికేలా వదిలేసినా వీడు ఈపాటికి పడవలో ఉండేవాడు.

"ఇంకో పడవని పిలుద్దామేటమ్మా?" అన్నాడు తాతారావు.

"వచ్చేసరికి వీడుండడు సిన్నాన్నా."

పడవ అంచు పట్టుకుని ఆవిడ కళ్ళు మూసుకుంది. ఈ తాడు ఎలా మానుతుందో ఆవిడకి తెలుసు. ఎప్పుడు మానలేదు? ఒక్కసారే. ఆవిడ తల ఎత్తి పడవ ముందుభాగం చూసింది. కొయ్యకి కట్టిన ప్లాస్టిక్ మూట ఎండకి వెలిసి, ముడి చెదరకుండా అలాగే ఉంది.

"సిన్నాన్నా! అమ్మ కట్టిన పసుపు విప్పు. మోటారుకి రాసే గ్రీజు డబ్బా ఉందా? రెండూ కలిపి ముద్ద సెయ్యి. బేగి!"

"పసుపేటే ఇప్పుడు..."

"సెప్పింది సెయ్యి!"

ఉత్త పసుపైతే నీళ్ళు కడిగేస్తాయి. ఉత్త గ్రీజుకి ఈ తాడు లొంగదు, లొంగకుండా చేసింది తనే. రెండూ కలిస్తే గ్రీజు కత్తిని అంటిపెట్టుకుంటుంది, పసుపుని తాడులోకి మోస్తుంది. తాతారావు అరచేతిలో కలిపిన ముద్దని ఆవిడ కత్తికి రెండు వైపులా దట్టంగా పట్టించి మళ్ళీ మునిగింది.

కత్తి దిగింది. వెనక తాడు మూసుకోలేదు. కోసిన పెదాలు రెండూ తెరుచుకునే ఉన్నాయి. వాటి వెంట ఎర్రటి గీత పాకింది. నెత్తురేమో అనుకుంది. కాదు, అది భూతద్దం కింద చూసిన ఎరుపే. ఆవిడ పైకి తేలి, పసుపు పట్టించుకుని, మళ్ళీ మునిగి, ఒక్కొక్క చుట్టునే కోసుకుంటూ పోయింది. చివరి చుట్టు విడగానే పైడిరాజు శరీరం ఒక్కసారిగా తేలింది. తాతారావు జబ్బలు పట్టి పడవలోకి లాగి బోర్లా పడుకోబెట్టాడు. వాడు నీళ్ళు కక్కి, దగ్గి, ఊపిరి పీల్చాడు. నీలవేణి వాడి వీపు మీద తల పెట్టి భోరున ఏడ్చింది. పసుపు చేతులతో వాడి చొక్కా అంతా పచ్చబడింది.

*

కాలు దక్కింది. నెత్తురు ఆడక రెండు వేళ్ళు నల్లబడిపోతే తీసేశారు. ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చుని నీలవేణి, "ఆ తాడు ఒడ్డుకి లాగించేస్తాన్రా. రేపే," అంది.

పైడిరాజు తలగడ మీదనుంచి లేవబోయాడు. "తీసేత్తావా? ఐసు ఎవులిత్తారు, నువ్విత్తావా? అమ్మ మల్లీ మెత్తబడ్డ సేపలు మోసుకు తిరగాలేటి?"

"నీ కాలు సూడు!"

"కాలు నాది. నేనేడుత్తన్నానా? నువ్వు సదూకున్నావు గదప్పా, తెగేలాగ సెయ్యి. అది సేతకాదంటే అప్పుడు తీసేద్దుగాని."

ఆవిడకి రోషం వచ్చింది. చేతకాదన్న మాట ఆవిడకి ఎప్పుడూ పడదు.

మర్నాడు ప్రయోగశాలకి రాగానే తలుపు మీద రాసిన అక్షరాలు తనే గీకేసింది. "ఆచారి గారూ, మంచి పసుపు ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగింది. అప్పలాచారి ఆవిడ మొహంలోకి చూసి తన సంచీలోంచే పొట్లం తీసిచ్చాడు. ఇన్నాళ్ళూ అది అక్కడే ఉందన్నమాట! ఆవిడకి కోపం రాలేదు, నవ్వొచ్చింది.

కొత్త పని అలా మొదలైంది. తాడు పొడవునా మానే గుణం అలాగే ఉంచారు. ప్రతి బారకీ ఒకచోట మాత్రం బెత్తెడు మేర లోపలిదాకా పసుపు పట్టించారు. ఆ బెత్తెడు బలంగానే ఉంటుంది, కరెంటూ ఇస్తుంది. కోస్తే మాత్రం కోసినట్టే ఉంటుంది. ఎక్కడ చిక్కుకున్నా చెయ్యి చాస్తే ఒకటి అందుతుంది. అలల తాకిడికి ఆ బెత్తెళ్ళు అలిసిపోతాయి కాబట్టి ఏడాదికోసారి తాడు ఒడ్డుకి లాగి వాటిని మార్చుకోవాలి.

సంస్థ డైరెక్టరు చక్రపాణి గారు ఇది విని నీరసపడ్డారు. "తెగని తాడని దేశమంతా చెప్పుకున్నాం నీలవేణీ. ఇప్పుడు తెగుతుందని, పైగా మరమ్మతు కూడా కావాలని ఎలా చెప్పమంటారు?"

"ఉన్నది ఉన్నట్టు చెబుదాం సార్. వలలు బాగుచేసుకోవడం మా వాళ్ళకి కొత్త కాదు. మనిషి కాలికి చుట్టుకున్నప్పుడు తెగని తాడుని నేను ఇంకో పాలెంలో దింపలేను," అంది నీలవేణి. ఆవిడ గొంతులో జంకు లేదు. చక్రపాణి గారు కళ్ళజోడు తుడుచుకుని సంతకం పెట్టారు.

*

కొత్త తాడు దింపే రోజున పసుపు పట్టించే పని ప్రయోగశాలలో చేయించలేదు. ఒడ్డున చాపల మీద తాడు పరిచి, పాలెంలో ఆడవాళ్ళందరినీ పిలిచారు. అప్పలాచారి బార బారకీ గుర్తు పెడుతూ ముందు నడిచాడు. తాడుకి ఆ బెత్తెడు మేర పురి విప్పి, లోపలి పోగులకి పసుపు పట్టించి, మళ్ళీ పురి వెయ్యాలి. వలలల్లిన చేతులకి అదొక పనా!

నీలవేణి పసుపు పళ్ళెం తెచ్చి తల్లికి అందించింది. "మొదటి సెయ్యి నీదేనమ్మా."

కాసులమ్మ పళ్ళెం వెంటనే అందుకోలేదు. "తాడు సచ్చిపోదేటి?" అంది, మూతి ముడుచుకుని.

"సావాల్సిన సోటే సత్తాది. ఎట్టమ్మా."

కాసులమ్మ ఒంగి, అరచేతి నిండా పసుపు తీసుకుని, బిడ్డ కాళ్ళకి రాసినంత నెమ్మదిగా రాసింది. చూస్తుండగానే ఆ పచ్చదనం ఎర్రగా తిరిగింది. "ఓలమ్మో! నానెట్టకముందే కుంకం కూడా అదే ఎట్టేసుకుందే!" అని ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. మధ్యాహ్నానికి తాడంతా బారకో ఎర్రపట్టీతో సిద్ధమైంది.

పైడిరాజు కొంచెం కుంటుకుంటూ వచ్చి తాడు పక్కన చతికిలబడ్డాడు. మొలలోంచి కత్తి తీశాడు. ఆ కత్తికి గ్రీజు లేదు, పసుపు లేదు. ఒక ఎర్రపట్టీ మీద పెట్టి ఒక్క వేటు వేశాడు. వాడు రెండు కొసలూ చెరో చేత్తో పట్టుకుని, దగ్గరికి తెచ్చి, గట్టిగా అదిమాడు. అదిమి అలాగే ఉంచాడు. వదిలాడు. రెండు కొసలూ రెండు వైపులకి ఇసకలో పడ్డాయి.

వాడు తలెత్తి అక్కకేసి చూశాడు.

"ఇప్పుడిది తాడప్పా," అని, పడ్డ కొసలు రెండూ ఏరుకుని, తన చేత్తో ముడి వేశాడు.